మేలుకొని ఉండుట పని కాదా?

నియామక సంస్థలు ప్రచురించే రంగుల కరపత్రాలలో ‘డేటా సెంటర్ ఇంజనీరు యొక్క ఒక సాధారణ దినం’ అను శీర్షిక ఈ మధ్య తరచు కనబడుతున్నది. ఉదయం తొమ్మిదింటికి కార్యాలయ ప్రవేశం, కాఫీ, తెరలపై పర్యవేక్షణ, మధ్యాహ్నం సహచరులతో సమావేశం, సాయంత్రం వ్యాయామశాల. ఎక్కడా చెమట లేదు, నిద్రలేమి లేదు, మేస్త్రీ లేడు. యంత్రాలే సర్వం చూచుకొంటాయి, మనిషి ఆ యంత్రాలను చూస్తూ కూర్చుంటాడు. ఇదీ వారి కథనం. దీనిని యాజమాన్యాలు ప్రచారం చేయడంలో ఆశ్చర్యం లేదు. మన సభ్యులు నమ్మడమే విచారకరం. ‘వారికేమి, చల్లని గదిలో కూర్చుని జీతం తీసుకునేవారు’ అని ఇటీవల ఒక శాఖా సమావేశంలో ఒక సోదరుడు అన్నాడు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సోదరునికి జవాబు.

ఈ మాటలు నగర్‌నార్ నుంచి వ్రాయడానికి కారణం ఉన్నది. బస్తర్ జిల్లాలో జగదల్‌పూర్‌కు సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు మన రైల్వే సోదరులకు కొత్త కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు పంపడానికై 1960 దశకంలో వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గం ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. ఆ మార్గంలోని స్టేషన్లలో, గేట్లలో, గ్యాంగు క్వార్టర్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు రెండు తరాలుగా ఉన్నాయి. ఖనిజం వెళ్ళిపోయింది, మనుషులు మిగిలారు. ఖనిజం వెళ్ళినచోటనే ఉక్కు చేయవలెనన్న కోర్కె తీరడానికి అరవై ఏళ్ళు పట్టినది. నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో తొలి లోహధార 2023 ఆగస్టులో వచ్చినది. దాని ఉత్పత్తి సామర్థ్యం సంవత్సరానికి 30 లక్షల టన్నులు. కొలిమి వెలగక ముందే, 2022 డిసెంబరులో, దానిని కొనదలచినవారి నుంచి ఆసక్తి పత్రాలను ఆహ్వానించారు! కార్మికులు, భూములిచ్చిన గ్రామాలవారు ఊరుకోలేదు. 2023 అక్టోబరులో, ఎన్నికల ముందు, దీనిని ప్రైవేటుకు అప్పగించబోమని కేంద్ర హోంమంత్రి ప్రకటించవలసి వచ్చినది. ఆ కథ మరొకమారు వ్రాయవలసినది. ఇప్పుడు చెప్పదలచినది ఈ ఊరి నుంచి బయటికి పోయిన ఒక యువకుని గురించి.

అతని తండ్రి కె.కె. లైనులో గేట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మన పాత సభ్యుడు. నగర్‌నార్‌లో చిన్న ఇల్లు కట్టుకొని స్థిరపడ్డాడు. కొడుకు జగదల్‌పూర్‌లో డిప్లొమా చదివి, ఇక్కడ పని దొరకక హైదరాబాదు చేరి, అక్కడ ఒక డేటా సెంటరులో నాలుగేళ్ళుగా ‘ఇంజనీరు’గా ఉన్నాడు. కొలువు ఇచ్చినది భవనం యజమాని కాదు, ఆ యజమానికి మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు. ఇద్దరి పేర్లూ ఇక్కడ వ్రాయను. వ్రాస్తే నష్టపోయేది ఆ కుర్రవాడే. సెలవుపై వచ్చిన అతనిని ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, నీ డ్యూటీ గంట గంటకూ చెప్పు నాయనా అని అడిగాను. చెప్పినది చెప్పినట్లు సభ్యుల ముందుంచుతున్నాను.

రాత్రి డ్యూటీ ఏడింటి నుంచి ఉదయం ఏడింటి వరకు. కంపెనీ బస్సు అయిదున్నరకే ఎక్కాలి. లోపలికి పోయేముందు ఫోను, గడియారం, సంచి పెట్టెలో పెట్టి తాళం వేయాలి. రెండు తలుపుల మధ్య ఒక్కొక్కరినే నిలిపి, వేలిముద్ర సరిపోయిన తరువాతనే రెండవ తలుపు తెరుస్తారు. ఇంటిలో బిడ్డకు జ్వరం వచ్చినా ఆ పన్నెండు గంటలూ అతనికి తెలియదు. దిగిపోయే షిఫ్టు నుంచి చార్జి తీసుకోవడానికి ఇరవై నిమిషాలు. స్టేషను మాస్టర్లు డైరీ చూచి చార్జి తీసుకున్నట్లే: ఏ యంత్రం మరమ్మతులో ఉన్నది, ఏ అలారం మూసి ఉంచారు, ఏ జనరేటరు నమ్మదగినది కాదు. ఈ ఇరవై నిమిషాలకు జీతం లేదు. ‘డ్యూటీకి ముందు జరిగేది డ్యూటీ కాదు’ అని కాంట్రాక్టరు సిద్ధాంతం.

డేటా సెంటరు హాలును ఆర్.ఎం.ఎస్. సోదరులు సులభంగా ఊహించుకోగలరు. సార్టింగ్ కేసులు వరుసలుగా నిలబెట్టినట్లు ఇనుప బీరువాలు. గళ్ళలో ఉత్తరాలకు బదులు కంప్యూటర్లు. ఆ యంత్రాల ముందువైపు చల్లగాలి, వెనుకవైపు అవి కక్కిన వేడిగాలి. ముందువైపు పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు డిగ్రీల మధ్య ఉండాలని ప్రమాణం. అది యంత్రం ఆరోగ్యానికి పెట్టిన ప్రమాణం. వెనుకవైపు నిలబడి తీగలు మార్చే మనిషికి నలభై డిగ్రీల సెగ తగులుతుంది. ఆ సందులోనుంచి ఈ సందులోకి రాత్రికి ఎన్నిమార్లో తిరగాలి. వేలాది పంకాల హోరు వల్ల చెవులకు బిరడాలు పెట్టుకోవాలని గోడమీద వ్రాసి ఉన్నది. పెట్టుకుంటే అలారం వినబడదు. అందుచేత ఎవరూ పెట్టుకోరు!

రెండు గంటలకొకసారి చుట్టు తిరిగి రావాలి: యు.పి.ఎస్. గది, బ్యాటరీ గది, చల్లబరచే యంత్రాలు, పంపులు, డీజిలు ట్యాంకు మట్టం. ప్రతిచోటా అంకెలు నమోదు చేయాలి. మధ్యమధ్య ‘టికెట్లు’ వస్తుంటాయి. ఎక్కడో పరదేశంలో ఉన్న ఖాతాదారుడు ఫలానా వరుసలో ఫలానా డిస్కు మార్చమంటాడు. ప్రతి టికెట్టుకూ ఇన్ని నిమిషాలని గడువు. దాటితే కాంట్రాక్టరుకు జరిమానా, కాంట్రాక్టరు నుంచి ఇతనికి మందలింపు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు అసలు గండం. లోకం నిద్రించే వేళ కనుక పెద్ద మార్పులన్నీ అప్పుడే పెడతారు. మన సిగ్నల్ మెయింటెయినరు డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చి గేరు విప్పినట్లు ఇక్కడా అనుమతి పత్రం ఉన్నది. తేడా ఒక్కటే: మెమోపై స్టేషను మాస్టరు సంతకం ఉంటుంది, బాధ్యత ఇద్దరిదీ. ఇక్కడ అనుమతి ఇచ్చేవాడు వేరొక ఖండంలో ఉంటాడు, తప్పు జరిగితే చెయ్యి పెట్టినవాడొక్కడే దొరుకుతాడు.

విద్యుత్తు పోయినప్పటి సంగతి అడిగాను. ‘కరెంటు పోతే దీపం కూడా మిణుకుమనదు సర్. బ్యాటరీలు పట్టుకుంటాయి, జనరేటర్లు అందుకుంటాయి. అందుకుంటాయా లేదా అని చూసే ఆ పది పదిహేను సెకన్లు మాత్రం మాకు ఊపిరాడదు’ అన్నాడు. అందుకోకపోతే చేతితో అందించవలసినది అతడే. పరిశ్రమ గొప్పగా చెప్పుకొనే మూడవ శ్రేణి కేంద్రం ఏడాదిలో 99.982 శాతం కాలం నడవాలి. అంటే సంవత్సరం మొత్తంమీద గంటా ముప్పై అయిదు నిమిషాలకు మించి ఆగరాదు. యంత్రానికి సంవత్సరానికి గంటన్నర విశ్రాంతి కూడా నేరమైనప్పుడు దాని పక్కన నిలబడ్డ మనిషి విశ్రాంతి ఎవరికి పట్టును?

ఉదయం ఏడింటికి డ్యూటీ దిగితే ఇంటికి పోవచ్చునా? పోవచ్చును, రాత్రి ఏమీ జరగకపోతే. ఏదైనా జరిగితే ‘మూలకారణ నివేదిక’ వ్రాయాలి, పరదేశపు అధికారులతో టెలిఫోను సమావేశంలో కూర్చోవాలి. పన్నెండు గంటలు పదునాలుగు అవుతాయి. వారానికి నాలుగు రోజులు పని, మూడు రోజులు విశ్రాంతి అని కాగితం మీద ఉన్నది. ఆ మూడింటిలో ఒక రోజు ఫోను పక్కన పెట్టుకొని పిలిస్తే నలభై నిమిషాలలో చేరవలెను. పిలవకపోతే ఆ రోజుకు పైసా లేదు. నాలుగేళ్ళ సర్వీసు తరువాత అతని చేతికి వచ్చేది నెలకు ఇరవై ఎనిమిది వేలు. ‘చల్లని గదిలో జీతం తీసుకునేవారు’ అన్న సోదరుడు ఈ అంకెను తన పే స్లిప్పుతో పోల్చుకొనగలడు.

ఇప్పుడు అసలు వాదానికి వద్దాం. పన్నెండు గంటల డ్యూటీని కాంట్రాక్టర్లు ఎట్లు సమర్థిస్తున్నారు? ‘పన్నెండు గంటలూ పని ఉండదు కదా, సగం కాలం తెర చూస్తూ కూర్చోవడమే కదా’ అని. ఈ మాట వినగానే కుర్రవాని తండ్రి నవ్వాడు. ఆ నవ్వు అర్థం రైల్వే సోదరులకు చెప్పనక్కరలేదు. గేట్‌మ్యాన్‌కు జీవితమంతా చెప్పినది అదే కదా! బండికీ బండికీ మధ్య నీకేమి పని?

తపాలా సోదరుల కోసం కొంత వివరిస్తాను. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక మహాసభ ఎనిమిది గంటల దినాన్ని ఆమోదించినది. భారతదేశానికి మాత్రం వారానికి అరవై గంటలని మినహాయింపు పెట్టారు. ఆ ఒప్పందాన్ని అనుసరించి వచ్చిన రైల్వే పని గంటల నిబంధనలలో ఉద్యోగులను తరగతులుగా విడదీశారు. 1989 నాటి రైల్వే చట్టం 132వ సెక్షనులోనూ ఆ విభజన ఉన్నది: ‘ఇంటెన్సివ్’ వారికి వారానికి సగటున 45 గంటలు, ‘కంటిన్యుయస్’ వారికి 54, ‘ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్’ వారికి 75. ఈ మూడవ పేరు గల రోస్టరే మన గేట్‌మ్యాన్‌లను, చిన్న స్టేషన్ల సిబ్బందిని పన్నెండు గంటల గొలుసుకు కట్టినది. అయినప్పటికీ చట్టంలోని నిర్వచనాన్ని శ్రద్ధగా చదవండి. పన్నెండు గంటల డ్యూటీలో సగమో, అంతకు మించో పని లేని కాలం అయి ఉండాలి. ఆ కాలంలో శారీరక శ్రమ గాని, ఎడతెగని శ్రద్ధ గాని ఉద్యోగి నుంచి కోరరాదు. చట్టం వ్రాసినవారికి సైతం తెలుసు: చేతులు కదలకపోయినా మనస్సు కావలి కాస్తున్నట్లయితే అది విశ్రాంతి కాదు.

ఈ కొలబద్దతో కొలిచి చూడండి. అలారం మోగుతుందేమోనని చెవి బిరడా కూడా పెట్టుకొనలేని మనిషిని శ్రద్ధ లేని కాలం గడుపుతున్నాడని ఏ అధికారి అనగలడు? అతని డ్యూటీలో ఒక్క అర్ధగంట కూడా పని లేని కాలం కాదు. రైల్వేలో సెక్షను కంట్రోలరుకు ఆరు గంటల షిఫ్టు ఎందుకు వచ్చినది? ఎడతెగని శ్రద్ధ మనిషిని అరగదీస్తుందని మన పూర్వులు నిరూపించినందువల్ల. అదే శ్రద్ధ డేటా సెంటరులో పన్నెండు గంటలు అడుగుతున్నారు. తండ్రి గేటుకు చెడ్డదో మంచిదో ఒక తరగతి ఉన్నది, ఒక రోస్టరు ఉన్నది, వివాదం వస్తే వినడానికి అధికారి ఉన్నాడు. కొడుకుకు తరగతి లేదు. తెల్లని చొక్కా ఒకటి ఉన్నది.

‘అతడు కార్మికుడు కాడు, ఇంజనీరు’ అనే వాదం ఒకటి చలామణిలో ఉన్నది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో కూడా (ఆ కోడ్‌లపై మన వ్యతిరేకత తెలిసినదే) సాంకేతికమైన పని చేసేవారు కార్మికులే. మేనేజరు హోదాలో ఉన్నవారిని, పద్దెనిమిది వేలకు మించి జీతం గల సూపర్‌వైజర్లను మాత్రం తీసివేశారు. కాంట్రాక్టర్లు ఇక్కడే చిట్కా కనిపెట్టారు. నలుగురు కుర్రవాళ్ళు ఉన్న షిఫ్టులో ఇద్దరికి ‘లీడ్’ అనీ, ఒకరికి ‘అసిస్టెంట్ మేనేజర్’ అనీ పేరు పెడతారు. ఆ మేనేజరు కూడా డిస్కులే మారుస్తాడు, డీజిలు మట్టమే చూస్తాడు. హోదా పేరు కాదు, చేసే పని స్వభావమే ప్రమాణమని న్యాయస్థానాలు అనేకమార్లు చెప్పియున్నాయి. చెప్పించుకొనడానికి మాత్రం సంఘం ఉండాలి.

గంటల విషయంలో ప్రభుత్వాలు ఏ దిక్కుకు పోతున్నాయో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రోజుకు తొమ్మిది గంటల గరిష్ఠ పరిమితిని పదికి పెంచారు. తెలంగాణలో అదే ఏడు జూలైలో వాణిజ్య సంస్థలకు పది గంటల దినాన్ని అనుమతిస్తూ ఉత్తర్వు వచ్చినది. కర్ణాటకలో 2024లో పదునాలుగు గంటల వరకు లాగే ప్రతిపాదన వస్తే అక్కడి ఐ.టి. ఉద్యోగుల సంఘం వీధికెక్కినది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటలకు మించని డ్యూటీపై హామీ సంపాదించారు. అది అప్పుడు విజయం. యాభై ఏళ్ళ తరువాత అదే పది గంటలను సంస్కరణ పేర వరమిచ్చినట్లు ఇస్తున్నారు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. 2020 నవంబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ డేటా సెంటర్లపై ముసాయిదా విధానాన్ని ప్రచురించినది. భూమి, విద్యుత్తు, రాయితీల జాబితా మధ్య ఒక చిన్న వాక్యం: ఈ రంగాన్ని 1968 నాటి ఎస్మా కింద అత్యవసర సేవగా ప్రకటించవలెను. ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల విధానపత్రాలలోనూ ఆ మాట చోటు చేసుకున్నది. ఎస్మా అను రెండక్షరాలు మనకు పుస్తకాలలో చదివినవి కావు. 1968 సెప్టెంబరు 19న కనీస వేతనం కోసం కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒక్కరోజు టోకెన్ సమ్మె చేస్తే, రైల్వే, తపాలా, తంతి కార్మికులపై ఆర్డినెన్సు విరుచుకుపడినది. వేలమంది జైళ్ళకు వెళ్ళారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ ఆర్డినెన్సే ఆ ఏడాది చివర చట్టమైనది. ఇప్పుడు అదే సంకెలను, ఒక్కరోజు కూడా సమ్మె చేసి ఎరుగని కుర్రవాళ్ళకై ముందుగానే సిద్ధం చేస్తున్నారు. సేవ అత్యవసరమట, ఆ సేవ చేసే మనిషికి అపాయింట్‌మెంట్ పత్రం మాత్రం పదకొండు నెలలదట!

అత్యవసరమన్న మాట నిజమే. ఎవరు కాదన్నారు? రైల్వే రిజర్వేషన్లు ఎక్కడ నడుస్తున్నాయి? మన సికిందరాబాదులో 1994లో మొదలైన ‘కాన్సర్ట్’ వ్యవస్థ అయిదేళ్ళకు దేశంలోని అయిదు రిజర్వేషన్ కేంద్రాలనూ ఒక్క దారాన కట్టినది. ఆ యంత్రాలున్న గదులలో రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు మేలుకొని ఉన్నారు. రాత్రి 11.45 నుంచి 12.20 వరకు ఇంటర్నెట్ టికెట్లు ఆపివేస్తారు. ప్రయాణికునికి అది విరామం, ఆ గదిలోని మనిషికి అది ఉరుకు పరుగుల వేళ. తపాలాశాఖ 2025 ఆగస్టు నాటికి లక్షా అరవై వేలకు పైగా కార్యాలయాలను కొత్త ‘ఎ.పి.టి.’ సాఫ్ట్‌వేరులోకి మార్చినది. దానిని తయారుచేసినది విదేశీ కంపెనీ కాదు, మైసూరులోని తపాలాశాఖ సొంత సాంకేతిక కేంద్రం. ప్రభుత్వరంగంలో చేయలేరన్న వాదానికి ఇంతకన్నా సమాధానం అక్కరలేదు. అయితే ఆ మార్పు రోజులలో కౌంటరు ముందు నిలబడ్డ ప్రజల కోపాన్ని భరించినది పోస్టల్ అసిస్టెంటు. వెనుక గదిలో నిద్ర లేకుండా సరిచేసినది సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. అతడూ పోస్టల్ అసిస్టెంటే, ప్రత్యేక క్యాడరు కావాలన్న అతని కోర్కె నేటికీ కోర్కెగానే ఉన్నది. కౌంటరు గుమాస్తా ‘సర్వర్ డౌన్’ అని సర్వరును తిట్టుకుంటాడు. సర్వరు పక్కన ఒక మనిషి ఉన్నాడని గుర్తించడు.

ఆ మనిషిని గుర్తించకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియాలో చూశాము. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలను మార్చే పనిలో ఉండగా మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. పెద్ద పండుగ ముందు తపాలా బట్వాడా, తపాలా బ్యాంకు స్తంభించాయి. పునరుద్ధరణ పనిని పర్యవేక్షిస్తున్న ఒక ఉద్యోగి వారం తిరగకుండానే కార్యాలయ భవనం మీదినుంచి పడి చనిపోయాడు. యాభై ఆరేళ్ళవాడు. మన వయస్సువాడే.

కంప్యూటర్లు వచ్చినప్పుడు మన ముందుతరం గట్టిగా ఎదిరించినది. కలకత్తా ఎల్.ఐ.సి. ఉద్యోగులు 1960 దశకంలో రాత్రింబవళ్ళు కాపలా కాసి యంత్రాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ ఆందోళన ఉద్యోగాలు పోతాయన్న భయంలోనుంచి పుట్టినది. ఆ భయం అబద్ధం కాదని ఖాళీగా ఉంచిన మన పోస్టులే చెబుతున్నాయి. కాని ఆ కోపాన్ని నేటి డేటా సెంటరు కుర్రవాని మీదికి మళ్ళించడం గురి తప్పిన బాణం. ఆవిరి ఇంజను వచ్చి బండివాని పొట్ట కొట్టినదని ఫైర్‌మ్యాన్‌ను శత్రువుగా చూచినవారున్నారా? పోస్టు రద్దు చేసినది కాగితం మీద సంతకం చేసిన అధికారి, డిస్కు మార్చే డిప్లొమా కుర్రవాడు కాడు.

ఈ సంఖ్య పెరగబోతున్నది. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ ప్రకటించినది. నవ రాయపూర్‌లో అదే ఏడు మే నెలలో మరొకదానికి పునాదిరాయి పడినది. కట్టేటప్పుడు వేలమంది కూలీలు, కట్టిన తరువాత వందలలో సిబ్బంది. డేటా సెంటర్ల స్వభావం అది. ఉద్యోగాల గురించి వేదికలపై చెప్పే లక్షలు విని చప్పట్లు కొట్టేముందు, ఆ వందలమంది ఏ రోస్టరులో, ఎవరి మస్టరు రోలులో, ఎన్ని గంటలు పనిచేస్తారని అడగాలి. బైలదిల్లా ఖనిజం పోయిన దారిలోనే, అదే విశాఖ తీరానికి, ఈమారు బస్తర్ కుర్రవాళ్ళు పోతారు. వారిలో చాలామంది మన గేట్‌మ్యాన్‌ల, గ్యాంగ్‌మ్యాన్‌ల, బ్రాంచి పోస్టుమాస్టర్ల బిడ్డలే.

మనం చేయగలది ఏమి అని సభ్యులు అడుగుతారు. మన ఇంటిలోనే మొదలుపెట్టవచ్చును. రిజర్వేషన్ కేంద్రాలలో, డివిజను కార్యాలయాల సర్వరు గదులలో, హెడ్ పోస్టాఫీసుల వెనుక గదులలో కాంట్రాక్టరు పంపిన మనుషులు ఉన్నారు. వారి సంఘ సభ్యత్వం గురించి నియమావళి ఏమంటుందో అని జంకనక్కరలేదు, మాట్లాడడానికి ఏ నియమావళీ అడ్డు రాదు. ప్రతి శాఖా కార్యదర్శి తన పరిధిలోని అట్టి గదికి స్వయంగా వెళ్ళి మూడు సంగతులు కనుక్కోవలెను: డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ కాగితం మీద కాక నిజంగా ఏవి, రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి ఎంత, సెలవు రోజున పిలుపు వస్తే దానికి డబ్బు ఇస్తున్నారా. నెల రోజుల హాజరు అంకెలు చాలును. వచ్చే కార్యవర్గ సమావేశానికి పది రోజులు ముందుగా ఈ వివరాలు కేంద్ర కార్యాలయానికి చేరవలెను. కాంట్రాక్టరు పేరు తప్పక వ్రాయండి. కార్మికుని పేరు వ్రాయవద్దు.